చెట్టు ఒకటి, చెప్పింది ఒకటి

మిరప పుట్టిల్లు మొదలుకొని మేడి పువ్వు దాకా, మొక్కల గురించి బాగా తెలిసినవాళ్లే తప్పుగా చెప్పిన సంగతులు చాలా ఉన్నాయి. పెరట్లో అలాంటి తప్పు నవ్వులతో పోతుంది. వినుకొండ చేలల్లో అది పెట్టుబడిని తినేస్తుంది.

1542లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఒక మొక్కల పుస్తకం అచ్చయింది. రాసినవాడు జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్. ఆ రోజుల్లో ఐరోపాలో చాలామంది పాత పుస్తకంలోని బొమ్మను చూసి కొత్త పుస్తకంలో దించేవారు. ఫుక్స్ అలా చేయలేదు. మొక్కను ఎదురుగా పెట్టించి చిత్రకారులతో గీయించాడు. ఐదు వందల పైచిలుకు బొమ్మలున్న ఆ గ్రంథంలో మిరప మొక్క కూడా ఉంది. ఇవాళ మన రైతుల్లో ఎవరికి చూపించినా ఇట్టే గుర్తుపడతాడు. అంత శ్రద్ధగా గీయించిన మనిషి పేరు రాసేచోట మాత్రం ‘కాలికట్ మిరియం’ అన్నాడు. మిరప మన దేశం నుంచి వచ్చిందని ఆయన నమ్మాడు. మొక్కజొన్నను టర్కీ ధాన్యం అన్నాడు. నిజానికి రెండూ అమెరికా ఖండం మొక్కలే. కొలంబస్ 1492లో అక్కడ అడుగుపెట్టిన యాభై ఏళ్లకే మిరప ఎంత దూరం చుట్టొచ్చిందంటే, ఐరోపాలోకెల్లా మొక్కలు బాగా ఎరిగినవాడికే దాని పుట్టిల్లు తెలియకుండా పోయింది.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా గడిచినా పరిస్థితి మెరుగుపడలేదు. వియన్నాలో చక్రవర్తి తోటలు చూసిన నికొలాస్ జాకిన్ 1776లో ఒక మిరప జాతికి క్యాప్సికమ్ చైనెన్స్ అని పేరు పెట్టాడు. చైనా మిరప అని అర్థం. చైనాకూ దానికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. దాని సొంతూరు దక్షిణ అమెరికా. ఈశాన్య రాష్ట్రాల్లో ప్రసిద్ధికెక్కిన భూత్ జొలోకియా మిరపకు ఈ జాతితోనే చుట్టరికం. మొక్కల శాస్త్రనామాలకు అంతర్జాతీయ నియమాలున్నాయి. అర్థం తప్పుగా ఉందన్న ఒక్క కారణంతో ఒకసారి పెట్టిన పేరును తీసేయడానికి అవి ఒప్పుకోవు. కాబట్టి జాకిన్ పొరపాటు రేపటి పాఠ్యపుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది.

ఈ ఇద్దరినీ ముందుగా తలుచుకోవడానికి కారణం ఉంది. మొక్కల విషయంలో ఏమీ తెలియనివాడు తప్పు చెబితే పక్కనున్నవాడు వెంటనే సరిదిద్దుతాడు. తెలిసినవాడు చెబితే ఎవరూ మళ్లీ మొక్క దగ్గరికి వెళ్లి చూడరు. ఆ తప్పు ఒక నోటి నుంచి ఇంకో నోటికి, అక్కడి నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి బడికి చేరుతుంది. ఇది ఎక్కడైనా జరిగేదే. కానీ వినుకొండ లాంటి ఊళ్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడిపోయి పల్నాడు జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో వినుకొండ, నూజెండ్ల, శావల్యాపురం, ఈపూరు, బొల్లాపల్లి మండలాల రైతులకు మిరప, పత్తి అంటే పిల్లల చదువులు, ఆడపిల్ల పెళ్లి, బ్యాంకు బాకీ. ఆకు గురించి ఎవరో అన్న ఒక్క మాట మీద ఇక్కడ వేల రూపాయల మందు పంపులోకి పోతుంది.

ముందు మిరప సంగతే పూర్తిచేద్దాం. పల్నాటి వీరుల కథ చెప్పేటప్పుడు బ్రహ్మనాయుడి చాపకూడులో గొడ్డుకారం, పచ్చళ్లు వడ్డించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివరిది. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. ఆ తర్వాతే పోర్చుగీసు ఓడల్లో మిరప మన తీరానికి వచ్చింది. బాలచంద్రుడు తిన్న అన్నంలో మిరపకాయ లేదు. 15వ శతాబ్దపు శ్రీనాథుడు పల్నాట తిన్న జొన్నకూటిలోనూ లేదు. అప్పటి ఘాటంతా మిరియాలు, పిప్పళ్లు, శొంఠి, ఆవాలదే. గుంటూరు కారం మనదే, అందులో సందేహం లేదు. కానీ అది మన రైతు నాలుగైదు వందల ఏళ్లలో సంపాదించుకున్నది. అనాదిగా ఉన్నదని చెబితే ఆ రైతు చేసిన పని కనబడకుండా పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

ఇంకో మాట వంటింట్లోనూ కళ్లంలోనూ ఒకేలా వినిపిస్తుంది: కారమంతా గింజలోనే ఉందని. ముప్పై ఏళ్లు మిరప పండించినవాళ్లూ అంటారు, వంటల పుస్తకాలూ రాస్తాయి. అది నిజం కాదు. కారానికి మూలమైన క్యాప్సైసిన్ తయారయ్యేది కాయ లోపల గింజలు అతుక్కుని ఉండే తెల్లటి మెత్తని భాగంలో. గింజకు ఉన్న ఘాటు చాలావరకు దాన్ని ఆనుకుని ఉండడం వల్ల అంటుకున్నదే. బజ్జీకి కాయ చీల్చి గింజలు గీకేస్తే కారం తగ్గుతుంది కదా అంటే, తగ్గుతుంది. గింజలతోపాటు ఆ తెల్లటి భాగం కూడా ఊడొస్తుంది కాబట్టి. అనుభవం నిజమే, చెప్పిన కారణమే తప్పు. మొక్కల విషయంలో ఇలాంటివి ఎక్కువ. పని జరుగుతుంది కాబట్టి కారణాన్ని ఎవరూ ప్రశ్నించరు.

ఈ ఘాటు పదార్థాన్ని 1816లో బుకోల్జ్ అనే జర్మన్ రసాయనవేత్త తొలిసారి విడదీశాడు. 1876లో థ్రెష్ అనే ఇంగ్లిషువాడు శుద్ధిచేసి దానికి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ కారాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఇక ఎర్రగా ఉంటే కారం ఎక్కువన్న నమ్మకం సంగతి. రంగు ఇచ్చే పదార్థాలు వేరు, కారం ఇచ్చే పదార్థం వేరు. కర్ణాటక బ్యాడిగి కాయ మంచి ఎరుపు, కారం తక్కువ. మన తేజ సన్నగా ఉంటుంది, ఘాటు నషాళానికి అంటుతుంది. మిర్చి యార్డులో కాయను చేత్తో విరిచి ధర కట్టేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. తెలియంది ఎక్కువగా మా పత్రికల్లో రాసేవాళ్లకే.

చిలకలు పండుమిర్చి ఎలా తింటాయని పిల్లలు అడిగితే పెద్దలు రకరకాల జవాబులు చెబుతారు. అసలు జవాబు చాలా అందమైనది. క్షీరదాల నోట్లో మంటను గుర్తించే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో ఉండే అలాంటి ప్రోటీన్ మీద క్యాప్సైసిన్ పనిచేయదు. ఎలుక గింజను నమిలి చంపుతుంది, పక్షి మింగి దూరంగా రెట్ట వేస్తుంది, అక్కడ మొలక వస్తుంది. అమెరికాలోని అరిజోనా అడవి మిరప మీద జరిగిన పరిశోధన 2001లో ఈ సంగతిని చూపించింది. మిరపకు కారం ఎందుకని అడిగే పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది.

పత్తి దగ్గరికి వద్దాం. వినుకొండ రోడ్డు పక్కన నవంబరులో తెల్లగా విచ్చుకున్న చేనును చూసి ‘పత్తి పూసింది’ అని ఫొటో పెట్టనివాళ్లు తక్కువ. మొక్కల మీద వ్యాసాలు రాసేవాళ్లూ ఆ మాటే రాస్తారు. ఆ తెలుపు పువ్వు కాదు, పగిలిన కాయ. ఇప్పుడు మన చేలల్లో ఉండే రకాల్లో పువ్వు మొదటి రోజు మీగడ రంగులో విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి వాడిపోతుంది. దూది పోగు ఒక్కొక్కటీ గింజ పైపొరలోని ఒకే ఒక్క కణం సాగి పెరిగినది. రైతు పొరపడడు, ఎందుకంటే పువ్వులోనే అతనికి అసలు గండం. రేకులు విచ్చుకోకుండా చుట్టుకుపోయిన ‘గుడ్డిపూలు’ కనిపిస్తే లోపల గులాబీరంగు పురుగు ఉన్నట్టు లెక్క. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు ‘ఇక పురుగు గొడవ లేదు’ అని తెలిసినవాళ్లే చాలామంది చెప్పారు. బీటీ విషం కాయతొలిచే పురుగుల కోసం చేసినది. పచ్చదోమ, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగుల మీద అది పనిచేయదు. కొన్నేళ్లకు గులాబీరంగు పురుగు కూడా దానికి లొంగడం మానేసింది. ఆ ఒక్క మాటను నమ్మి చేను చూడడం మానేసిన ఇళ్లు ఎంత నష్టపోయాయో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

పత్తిలో పాత పొరపాటు ఇంకొకటి ఉంది, అది మన నేలదే. బ్రిటిషు కాలపు వర్తక లెక్కల్లో ‘కోకనాడ పత్తి’ అని ఒక రకం కనిపిస్తుంది. దాని దూది కాస్త ఎరుపు తిరిగి ఉండేది. పేరు చూసి గోదావరి పంట అనుకున్నవాళ్లు ఉన్నారు. అది పండింది గుంటూరు, కృష్ణా మెట్టల్లో. కాకినాడ రేవు నుంచి ఓడెక్కింది కాబట్టి ఆ పేరొచ్చింది. ఉత్తరాంధ్ర గోగునార కూడా ఇలాగే భీమునిపట్నం రేవు పేరుతో ‘బిమ్లీ జూట్’ అయింది. గోగుకూ జూట్‌కూ కుటుంబ బంధుత్వం ఉన్నా అవి రెండూ వేర్వేరు మొక్కలు. గోగు మన గోంగూరకు దగ్గరి చుట్టం. ఊరు, మొక్క రెండూ తారుమారైన పేరది.

నేల గురించి తప్పిన పెద్దవాళ్లు కూడా ఉన్నారు. 1840లో ఈస్టిండియా కంపెనీ అమెరికా నుంచి పదిమంది పత్తి సేద్యగాళ్లను పిలిపించింది. మనవాళ్లకు సేద్యం నేర్పమని వాళ్లను మూడు ప్రెసిడెన్సీలకూ పంచింది. మద్రాసు వైపు ఆ పనిని చూసింది రాబర్ట్ వైట్, దక్షిణ భారత మొక్కల మీద ఆ కాలంలో ఆయనను మించిన పండితుడు లేడు. కోయంబత్తూరులో ఏళ్ల తరబడి అమెరికా పత్తిని పండించి చూశారు. అనుకున్నట్టు కుదరలేదు. వానల వరస వేరు, నేల పదును వేరు. ఈ నేలకు దేశవాళీ పత్తే ఎందుకు నిలుస్తుందో ఇక్కడి రైతుకు ముందే తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదు.

ఇక ఊళ్లోకి, గుడి దగ్గరికి వద్దాం. సీతమ్మ వార్త రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందని స్థలపురాణం. కొండమీద రామలింగేశ్వరుడి గుడి ఉంది. సీతమ్మ కూర్చున్న అశోకవనం మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు చూపించే చెట్టు ఏది? ఆఫీసుల ముందు, కాలేజీల గోడల వెంట నిటారుగా, కొమ్మలు కిందికి వాలి, అలలు తిరిగిన పొడుగాటి ఆకులతో ఉంటుందే, అది. అది అశోక చెట్టు కాదు, నరమామిడి. దాని పూలు ఆకుపచ్చగా, ఆకుల మధ్య కనీకనబడకుండా ఉంటాయి. అసలు అశోక ఆకు జంటజంటలుగా అమరి ఉంటుంది, కొమ్మలనంటి నారింజ ఎరుపు గుత్తులు పూస్తుంది. నర్సరీవాళ్లే ‘అశోక’ అని అమ్ముతుంటే కొనేవాళ్లను ఏమనగలం? పూలు చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే తేడా ఇది. పదుల ఏళ్లుగా తేలలేదు.

శివాలయాల్లో పూజకు వాడే నాగలింగం పువ్వు విషయం కూడా అంతే. లోపలి భాగం పడగ విప్పినట్టు ఉండడంతో పురాణకాలం నుంచీ మనదే అనుకుంటాం. ఆ చెట్టు దక్షిణ అమెరికాది. 1775లో ఫ్రెంచి వృక్షవేత్త ఆబ్లే అక్కడి గయానాలో చూసి వర్ణించాడు. సీతాఫలం గురించి ఏకంగా పురాతత్వశాఖ పెద్ద అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ పొరబడ్డాడు. భార్హుత్, మథుర శిల్పాల్లో ఆ కాయను చూశానని, కాబట్టి అది ఈ దేశపుదేనని వాదించాడు. దాని దగ్గరి చుట్టాలు చాలావరకు అమెరికా ఖండంలోనే ఉన్నాయని వృక్షశాస్త్రం చెబుతుంది. సంక్రాంతి గొబ్బెమ్మ మీద పెట్టే బంతి, గుమ్మడి పూలు రెండూ అక్కడివే. ఆ బంతికి ఇంగ్లిషు తోటమాలులు ‘ఆఫ్రికన్’ అని తగిలించారు, అది మెక్సికో మొక్క. వీటివల్ల మన పండగకు వచ్చే లోటేమీ లేదు. గొబ్బెమ్మ అందం ఏ ఖండం పువ్వుతోనైనా గొబ్బెమ్మ అందమే.

రావిచెట్టు రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుందన్న మాట ఇంకా గట్టిగా పాతుకుపోయింది. మొక్కల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు, బడి పంతుళ్లు, వైద్యులు కూడా చెబుతారు. వెలుతురు లేనిదే ఆకు ఆక్సిజన్ వదలదని యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లోనే ప్రయోగం చేసి చూపించాడు. రావికి మినహాయింపు లేదు, తులసికీ లేదు. కొన్ని మొక్కలు రాత్రిపూట బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుని దాచుకుంటాయి, అది వేరే సంగతి. మిట్టమధ్యాహ్నం ఆకుల మీద నీళ్లు పడితే బొట్లు భూతద్దంలా ఎండను గుచ్చి ఆకును మాడ్చేస్తాయన్నది కూడా ఇలాంటిదే. హంగరీ పరిశోధకులు 2010లో దీన్ని పరీక్షించారు. నునుపైన ఆకుల మీద బొట్లు మాడ్చవని, నూగు ఉన్న ఆకుల మీద బొట్టు పైకెత్తి నిలిస్తే మాత్రం ఆ ప్రమాదం ఉండొచ్చని చెప్పారు. ఎండలో నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి పొద్దున పోయడమే మేలు. అది పాటించండి, కారణం మాత్రం సరిగ్గా చెప్పండి.

నన్ను బాగా ఆపేసిన తప్పు మేడిది. మర్రి, రావి, మేడి పూయకుండానే కాస్తాయని పల్లెల్లో అంటారు. అది పల్లెటూరి మాట మాత్రమే కాదు. సంస్కృతం చదువుకున్న ప్రతి తెలుగు పండితుడూ కంఠస్థం చేసిన అమరకోశమే చెట్లను రెండుగా విడదీసింది. పూసి కాసేవి ఒక రకం, పూయకుండా కాసేవి ఇంకో రకం, రెండోవాటి పేరు వనస్పతులు. అంత సూక్ష్మంగా లోకాన్ని పరిశీలించిన సంప్రదాయం ఒక్క కాయను కోసి చూడలేదా అంటే, చూసింది, పురుగులున్నాయని కూడా గుర్తించింది. వేమన ఆ పురుగులను మనందరికీ తెలిసేలా చేశాడు. కానీ అక్కడ ఆగిపోయాం. మనం కాయ అనుకునేది నిజానికి వందలాది పూలను లోపల దాచుకున్న సంచి. కొస దగ్గర సన్నటి రంధ్రం ఉంటుంది. రెక్కల పురుగు ఒకటి, మిల్లీమీటర్లలో ఉండేది, అందులోంచి దూరి లోపలి పూలకు పుప్పొడి చేరుస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. మేడికి ఒక పురుగు, మర్రికి ఇంకొకటి, రావికి మరొకటి. ఆ పురుగు లేకపోతే కొత్త మేడి గింజ లేదు. పాడైన పండుకు గుర్తుగా మనం చెప్పుకున్న పురుగే ఆ చెట్టు వంశాన్ని నిలబెడుతోంది. మేడిచెట్టు ఉన్న ఊరి బడిలో పంతులుగారు ఒక్క కాయ కోసి, భూతద్దం పెట్టి చూపిస్తే ఆ పిల్లలు జన్మలో మరిచిపోరు.

కలుపు మొక్కల విషయానికొస్తే తేదీల్లోనే తప్పులు. వయ్యారిభామను ‘కాంగ్రెస్ గడ్డి’ అంటూ, అమెరికా పీఎల్-480 గోధుమలతో వచ్చిందని రాస్తారు. ఆ చట్టం అమెరికాలో 1954 జులైలో అయింది, మన దేశంతో ఒప్పందం 1956 ఆగస్టులో. ఈ మొక్కను పుణెలో 1951లోనే గమనించారు. 1956లో ఆర్.ఎస్. రావు అనే వృక్షవేత్త దీన్ని మన దేశానికి కొత్త మొక్కగా పత్రికలో నమోదు చేశారు. అంతకు చాలా ముందే, 19వ శతాబ్దంలోనే, ఇది ఇక్కడ ఉన్న ఆనవాళ్లు తర్వాత బయటపడ్డాయి. పైగా ఇది గడ్డి కానే కాదు, చామంతి కుటుంబం. సర్కారు తుమ్మ కూడా తుమ్మ కాదు. 1870లలో కడప జిల్లా కమలాపురం వైపు వంటచెరకు కోసం నాటించిన అమెరికా చెట్టు. చుట్టరికం చూస్తే దసరాకు మనం పూజించే జమ్మికి దగ్గర. అందుకే రెంటినీ చాలాకాలం ఒకే ప్రజాతిలో ఉంచారు, ఈ మధ్య 2022లో విడదీశారు. ఇలా శాస్త్రజ్ఞులు పేరు మార్చడాన్ని పొరపాటుగా లెక్కేయకూడదు. నల్లతుమ్మను అకేసియా అన్న పాత మాస్టారు తప్పు చెప్పలేదు, ఆ పేరు ఆస్ట్రేలియా చెట్లకు మిగిలేలా 2005లో వియన్నాలో వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ నిర్ణయించింది, అంతే.

చరిత్రలో ఒక పొరపాటు మనకు మేలు కూడా చేసింది. మద్రాసులో కంపెనీ వైద్యుల పెద్ద జేమ్స్ ఆండర్సన్ 1786లో లండన్‌కు ఉత్తరాలు రాశాడు, ఎర్రరంగు ఇచ్చే కోచినీల్ పురుగు మద్రాసు గడ్డి మీద దొరికిందని. అది ఆ పురుగు కాదని తేలింది. అయినా ఆశ చావలేదు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి కొన్ని పురుగులను కలకత్తాకు తెచ్చాడు. అప్పటికి అక్కడి తోటను చూస్తున్నది విలియం రాక్స్‌బర్గ్, మన సామర్లకోటలో ఏళ్లతరబడి మొక్కలు పెంచి, కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథం తెచ్చిన మనిషి. ఆ పురుగును అసలు కోచినీల్ అనుకుని నాగజెముడు మీద పెంచారు. రంగు నాసిరకం. కానీ ఆ పురుగు నాగజెముడును తినేసింది. పొలాలను కమ్మేసిన ముళ్లజెముడు తగ్గింది. పురుగుతో కలుపును అదుపు చేయడంలో ప్రపంచంలో తొలి ఉదాహరణగా దీన్నే చెబుతారు. జెముళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి: మన గుట్టల మీది బొంతజెముడును కాక్టస్ అని పిలవకండి. విరిస్తే పాలు కారే ఈ మొక్క కాక్టస్ కాదు. మన దేశపు సహజ మొక్కల్లో కాక్టస్ లేనే లేదు.

అలా కలిసొచ్చే పొరపాట్లు అరుదు. మిరపచేలో జరిగేవి కలిసిరావు.

‘ముడతొచ్చింది బాబాయ్, ఏం కొట్టమంటావ్?’ అని అడిగిన కుర్రాడికి అనుభవం ఉన్న రైతు ముందుగా ఎదురుప్రశ్న వేస్తాడు: ‘ఏ ముడతరా? ఆకు దొన్నెలా పైకి లేచిందా, బోర్లాపడిందా?’ పైకి ముడుచుకుంటే తామరపురుగు, అది పై ముడత. కిందికి ముడుచుకుంటే నల్లి, అది కింది ముడత. తామరపురుగు కీటకం, ఆరు కాళ్లు. నల్లి కీటకం కాదు, ఎదిగాక ఎనిమిది కాళ్లతో సాలీడుకు చుట్టం. కీటకాల మందులు చాలావరకు దాన్ని చంపవు. పైగా కొన్ని రకాల మందులు నల్లిని తినే మిత్రపురుగులను చంపి దాన్ని ఇంకా పెంచుతాయి. మూడోది, ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, గుబురుగా దగ్గరపడితే అది బొబ్బర తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. వైరస్‌ను చంపే మందు ఏ కొట్లోనూ లేదు. తెగులు మొక్కను పీకెయ్యాలి, తెల్లదోమను ఆపాలి. ఈ మూడింటినీ ‘ముడత’ అన్న ఒక్క మాట కింద వేసి డబ్బా చేతికివ్వడం వల్ల ఎన్నో ఎకరాలు దెబ్బతిన్నాయి. ఆ డబ్బా ఇచ్చినవాళ్లు తెలియనివాళ్లు కారు. ఆకును తిరగేసి చూడలేదు, అంతే.

2021 చివర్లో జరిగింది ఇంకా పెద్దది. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, కృష్ణా నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిరపతోటల్లో పూత రాలిపోయింది. తామరపురుగే అన్నారు. అదీ తామరపురుగే, కానీ పాతది కాదు. థ్రిప్స్ పర్విస్పైనస్ అనే నల్ల తామరపురుగు. మన దేశంలో దీన్ని 2015లో బెంగళూరులో బొప్పాయి మీద తొలిసారి గుర్తించారు. పాత పురుగు లేత ఆకుల్ని పట్టుకుంటుంది, ఇది పువ్వులోకి దూరి గుంపులుగా ఉంటుంది. పాత పురుగు బాగా ఎరిగినవాళ్లు అలవాటు ప్రకారం ఆకులు చూసి, అలవాటైన మందు చెప్పారు. రైతులు మందు మీద మందు కొట్టారు. చాలాచోట్ల తోటలే పీకేశారు. ఆ తర్వాత శాస్త్రజ్ఞులు నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేపనూనె వాడమన్నారు, విచక్షణ లేకుండా మందులు కొట్టొద్దన్నారు. ఒక పువ్వు కోసి తెల్లకాగితం మీద దులిపి చూస్తే నల్లటి పురుగులు కదులుతూ కనిపిస్తాయి. ఆ పని మొదటి వారమే చేసిన చేలు ఎంతోకొంత తేరుకునే వీలుండేదని నా నమ్మకం.

పత్తిలోనూ ఇలాంటిదే ఒకటుంది. పైన లేత ఆకులు సన్నగా చీలి, ఈనెలు దగ్గరపడి, బెండ ఆకుల్లా మారితే ‘వైరస్’ అని తేల్చేస్తారు. చాలాసార్లు అది వైరస్ కాదు. గట్ల మీది వయ్యారిభామకో, పక్క చేలోని కలుపుకో 2,4-డీ కలుపుమందు కొట్టిన పంపును సరిగ్గా కడగకుండా పత్తికి వాడితే, లేదా ఆ మందు గాలికి కొట్టుకొచ్చినా, ఆకు అలా అవుతుంది. ఆ మందు బొట్టంత తగిలినా పత్తి తట్టుకోలేదు. వైరస్ అనుకుని మళ్లీ మందులు కొంటే డబ్బు దండగ, మొక్కకు దెబ్బమీద దెబ్బ. కలుపుమందుకు వేరే పంపు ఉంచుకోండి.

ఈ వానాకాలం నారు పోసే రైతులకు, పెరటి మొక్కలు పెంచే ఇల్లాళ్లకు, బడిలో పాఠం చెప్పే పంతుళ్లకు నాదొక్కటే విన్నపం. మొక్కను చూడకుండా దాని గురించి ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్లు చెప్పినా, ఒక్కసారి చెట్టు దగ్గరికి వెళ్లి చూడండి. ఆకును రెండు వైపులా తిప్పండి, పువ్వును దులపండి, కాయను కోయండి. జేబులో పట్టే పదిరెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి, ఒక మందు డబ్బా కంటే చవక. ముడత కనిపిస్తే ఫోనులో వర్ణించి మందు అడగకండి. మొక్కను వేళ్లతో సహా పీకి ఊళ్లోని రైతు సేవా కేంద్రానికో, గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానానికో పట్టుకెళ్లండి. వెళ్లే వీలు లేకపోతే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మొక్కలు బాగా తెలిసిన పెద్దలకు మరో మాట: మీరు చెప్పింది తప్పని తేలితే, దాన్ని ఎవరికి చెప్పారో వాళ్ల దగ్గరికే వెళ్లి సరిచేయండి. మీ మాటకు ఉన్న విలువ వల్లే వాళ్లు ఆ తప్పును మోస్తున్నారు.